దహతియా, దహతేనా?

నీలిమేఘం:
ఎవరైనా దిగులుగా కూర్చుంటే మా తాతగారు ఒక శ్లోకం చదివేవారు. "చితా చింతా సమా ప్రోక్తా" అని మొదలు. సున్నా ఒక్కటే తేడా అన్నది రెండో పాదం. మూడోది "సజీవం దహ... చింతా". అక్కడే ఆగిపోతున్నాను. దహతియా, దహతేనా? ఇంకొకటి, బతికున్నవాణ్ణి కాల్చే ఆ నిప్పు ఒంట్లో ఎక్కడ పుడుతుంది? టెన్షన్ వస్తే అధివృక్క గ్రంథి అని బళ్ళో చదివాం. అంతేనా?

పాత తాళపత్రం:
దహతి. "దహ భస్మీకరణే" అని ధాతుపాఠం. పరస్మైపది, అంటే "తి" చేరే ధాతువు. సందేహమే లేదు.

గణవిభజన:
మాస్టారూ, ఒకసారి లెక్కపెట్టండి. ఈ శ్లోకం ఛందస్సు అనుష్టుప్పు. అందులో పాదానికి ఆరో అక్షరం గురువు కావాలి. స-జీ-వం-ద-హ-తి అంటే ఆరోది లఘువైపోతుంది. "తే" ఉంటేనే పాదం నిలుస్తుంది.

ల్యాబ్ కోటు:
నాకూ "తే"నే కావాలి, వేరే కారణానికి. పరస్మైపదంలో ("తి") ఫలం పరులకు, ఆత్మనేపదంలో ("తే") తనకు. ఒంట్లోనూ ఈ రెండూ ఉన్నాయి. అధివృక్క గ్రంథి వల్కలం (పైపొర) కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ చేసి రక్తంలోకి వదులుతుంది, ఒళ్ళంతటికీ. అది పరస్మైపదం. కానీ చర్మం, పేగు లోపలి పొర, బాల్యగ్రంథి (థైమస్) కూడా ఇలాంటి హార్మోన్లు సొంతంగా చేసుకుంటాయి, తమ చుట్టుపక్కల కణాల కోసం. బాల్యగ్రంథి సంగతి 1994లో, పేగు సంగతి 2004లో ఎలుకల్లో తేలింది. 2005లో మనిషి తల వెంట్రుకల కుదుళ్ళను విడదీసి ల్యాబులో పెంచి, మామూలుగా మెదడు పంపే సీఆర్‌హెచ్ అనే సంకేత హార్మోన్‌ను అందించారు. పీయూష గ్రంథి లేదు, అధివృక్కం లేదు, అయినా కుదుళ్ళే కార్టిసాల్ చేశాయి. ఇంతకన్నా ఆత్మనేపదం ఏముంది?

పాత తాళపత్రం:
అందమైన ఊహ. కానీ నాలుగో పాదం "నిర్జీవం దహతే చితా". చితి కాల్చేది పరుణ్ణే కదా! మీ ఆత్మనేపదం అక్కడ ఎలా పొసుగుతుంది?

గోదారిగట్టు:
తెలుగులో ఆ పని "కొను" చేస్తుంది. కాల్చు, కాల్చుకొను. మన వేమన్న చేతికి ఈ మాట వస్తే ఎంత బాగుండేదో! "కాల్చు" గలం (గురువు, లఘువు), అంటే సూర్యగణం. ఆటవెలదిలో సూర్యగణం వచ్చే ప్రతిచోటా ఇమిడిపోతుంది. అసలు ఆటవెలదిని ఆయనలా జనం నోట నిలిపినవారు ఎవరున్నారు?

నీలిమేఘం:
మా పిన్నికి అడిసన్ జబ్బు, అధివృక్కాలు సరిపడా హార్మోన్లు చేయవు. చర్మం, పేగూ చేసుకోగలిగితే ఆవిడకు రోజూ బిళ్ళలెందుకు?

ల్యాబ్ కోటు:
అవి చేసేది కొంచెం, చేసినచోటే ఖర్చయిపోతుంది. ఒంటికి సరిపడా రక్తంలోకి రాదు. అధివృక్కాల లోటును అవి పూడ్చలేవు. హైడ్రోకార్టిసోన్ (బిళ్ళగా ఇచ్చే కార్టిసాల్) జీవితాంతం వేసుకోవాల్సిందే, జ్వరమొస్తే డాక్టరు చెప్పినట్టు మోతాదు పెంచాలి. దయచేసి ఎవరి మాటా విని మాననివ్వకండి. ఇంకో మాట, చర్మంలో, పేగులో అది ఎక్కువగా మంటను, వాపును అణిచే పనే చేస్తుంది. కాబట్టి "దహ" ధాతువే ఇక్కడ సరిపడదేమో.

గణవిభజన:
శ్లోకంలో కాల్చేది చింత, కార్టిసాల్ కాదు. ధాతువును కదపకండి.

నీలిమేఘం:
పిన్నికి చెబుతాను. తాతగారి నోటుపుస్తకం ఇప్పుడే దొరికింది. మూడో పాదం ఉన్నచోట చెదలు తినేసింది. రెండోది మాత్రం ఉంది, "బిందుమాత్ర విశేషతః" అని. "మాత్రం" అని కదా అందరూ అంటారు? మరి ఆ సున్నా ఉండాలా, వద్దా?