డిసెంబరు సెలవుల్లో కారులో కోనసీమ: ఏ చిన్న ఊళ్లలో ఆగాలి?

హైదరాబాద్ బండి:
డిసెంబరు చివరి వారంలో హైదరాబాద్ నుంచి కారులో వస్తున్నాం. అమ్మానాన్న, ఇద్దరు పిల్లలు, మేమిద్దరం. చేతిలో మూడు రోజులు. గుళ్లు ఒకటి రెండు చాలు. చిన్న ఊళ్లలో దిగి నడవాలని, కాలువలు చూడాలని, అక్కడి తిండి తినాలని ఉంది. రాజమండ్రి, పాపికొండలు, కాకినాడ, యానాం, అంతర్వేది అన్నీ రాసుకున్నాం. మూడు రోజుల్లో అవుతాయా? బస ఎక్కడ బాగుంటుంది? తెలిసినవాళ్లు చెప్పండి.

కాలువగట్టు:
అన్నీ అవ్వవండి. ముందు పాపికొండలు కొట్టేయండి, దానికే ఒక రోజు పోతుంది. కాకినాడ కూడా ఈసారికి వదిలేయండి. గోదావరి పాయలైన గౌతమికీ వసిష్ఠకీ మధ్య ఉన్న లంక నేలలోనే తిరిగితే మీరు అడిగినవన్నీ దొరుకుతాయి. అక్కడ కిలోమీటర్లు చూసి టైము లెక్క వేయకండి. రోడ్డు కాలువగట్టు మీద పోతుంది, ఊరూరికీ మలుపులు, వంతెనలు ఉంటాయి. 30 కిలోమీటర్లకి గంట పైనే పట్టొచ్చు.

మొదటి రోజు విజయవాడ, తణుకు మీదుగా సిద్ధాంతం వంతెన దాటితే రావులపాలెం. హైవే వదిలి ఆత్రేయపురం వైపు తిరగండి. ఆ దారిలో లొల్ల లాకుల దగ్గర తప్పకుండా ఆగండి. ధవళేశ్వరం నుంచి వచ్చిన పెద్ద కాలువ అక్కడే పాయలుగా చీలుతుంది. ఏ కాలువకి ఎంత నీరు పోవాలో తలుపులు ఎత్తీ దించీ సర్దుతారు. తలుపు కింద నుంచి నీళ్లు నురగ కట్టి దూకుతాయి, పది గజాలు పోయాక అవే నీళ్లు నిదానంగా కొబ్బరి చెట్ల నీడలో సాగుతుంటాయి. కోనసీమకి నీరెలా అందుతుందో పిల్లలకి అక్కడ చూపిస్తే తేలిగ్గా అర్థమవుతుంది. టైముంటే బొబ్బర్లంక మీదుగా బ్యారేజీ దాటి ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం చూసి రండి. 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తిచేసిన పాత ఆనకట్ట కథ అంతా అక్కడుంది. ఇప్పుడు మీరు దాటేది తర్వాత కట్టిన బ్యారేజీ.

ఈ మొదటి రోజు మాత్రం శనివారం కాకుండా చూసుకోండి. వాడపల్లి వెంకన్న దర్శనానికి వచ్చే జనంతో రావులపాలెం, ఆత్రేయపురం రోడ్డు నిండిపోతుంది. గుడి చూడాలంటే ర్యాలి చాలు. ఒకే రాతి విగ్రహం, ముందు నుంచి కేశవస్వామి, వెనక నుంచి మోహిని. అర్చకుల్ని అడిగితే వెనకవైపు కొప్పు, అలంకారం వివరంగా చూపిస్తారు. మధ్యాహ్నం గుడి మూసేస్తారు, ఆ వేళ తప్పించి వెళ్లండి.

రెండు రాత్రులూ అమలాపురంలోనే ఉండండి. రోజూ సామాను సర్దడం పెద్దవాళ్లకి కష్టం. నది ఒడ్డునే ఉండాలనుకుంటే దిండి, కానీ ఆ వారంలో గదులు ముందే నిండిపోతాయి.

రెండో రోజు పొద్దున టిఫిను అంబాజీపేటలో చేయండి. పనసాకుల్ని పుల్లలతో బుట్టలా కుట్టి, ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికించే పొట్టిక్కలు అక్కడ పేరున్నవి. పొద్దెక్కితే అయిపోతాయి. అక్కణ్నుంచి పి.గన్నవరం. వైనతేయ నది మీదుగా కాలువని దాటించే అక్విడెక్టు చూడండి. కింద నది, పైన కాలువ. ఇప్పుడు నీళ్లు పోయేదానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఎవరొచ్చినా అన్నం పెట్టిన ఆ తల్లిది పక్కనున్న లంకల గన్నవరమే. తర్వాత రాజోలు, దిండి, చించినాడ వంతెన మీదుగా పాలకొల్లు. క్షీరారామం గాలిగోపురం 120 అడుగులు, ఊళ్లోకి రాకముందే కనపడుతుంది. అక్కణ్నుంచి నరసాపురం.

రేవుమనిషి:
పై దారి బాగుంది. నరసాపురం నుంచి అంతర్వేదికి వెళ్లాలంటే పంటు (నది దాటించే బల్లకట్టు) సంగతి తెలుసుకోండి. మాధవాయిపాలెం రేవు నుంచి సఖినేటిపల్లికి వసిష్ఠ మీద పంటు తిరుగుతుంది, కార్లు ఎక్కించుకుంటారు. లేదంటే వెనక్కి చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరగాలి.

సముద్రం దగ్గర కాబట్టి అక్కడ నదికి పోటూ పాటూ ఉంటాయి. పోటు మీద ఉన్నప్పుడు పంటు రేవుకి ఇంచుమించు సమంగా ఉంటుంది. పాటులో నీళ్లు దిగి పలక ఏటవాలవుతుంది, కిందికి ఉండే కార్లకి ముందు బంపరు రాసుకుంటుంది. అందుకని ముందే అందర్నీ దింపేయండి, డ్రైవరు ఒక్కడే ఉండాలి. ఫస్టు గేరులో, క్లచ్చి మీద తేలిగ్గా ఎక్కించాలి, మధ్యలో ఆపకూడదు. ఎక్కాక హ్యాండ్‌బ్రేకు వేసి, గేరులోనే వదలండి. సాయంత్రం చివరి పంటు ఎన్నింటికో వెళ్లేటప్పుడే రేవులో అడగండి, గాలి ఎక్కువైతే ఆపేస్తారు. అంతర్వేదిలో నది సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర నీళ్లలోకి మాత్రం పిల్లల్ని దింపొద్దు. పైకి నెమ్మదిగా కనపడుతుంది, లోపల లాగుడు గట్టిగా ఉంటుంది.

ఇంకో ముఖ్యమైన మాట. డిసెంబరులో సార్వా (వానాకాలం వరి) కోతలు అయిపోయి ధాన్యం రోడ్డు మీదే ఆరబోస్తారు. సగం రోడ్డు వడ్లే, బళ్లు ఎక్కకుండా అంచున రాళ్లు పెడతారు. పొద్దుగూకాక ఆ రాళ్లు కనపడవు, టైరు పగులుతుంది. వడ్ల మీద బ్రేకు వేసినా బండి జారుతుంది. పొద్దున ఏడెనిమిది దాకా మంచు కూడా. ఒక పక్క కాలువ ఉండి అడ్డుగోడ లేని గట్టు రోడ్లవి, అందుకే చీకటి పడకముందే బసకి చేరేలా చూసుకోండి. పచ్చటి చేలు కావాలంటే ఈ నెలలో నిరాశే, దాళ్వా (రెండో పంట) నాట్లు పడి పచ్చబడేసరికి జనవరి దాటుతుంది. ఏప్రిల్, మే నెలల్లో అయితే కాలువలకి నీళ్లే ఆపేస్తారు. ఆ లెక్కన మీరు ఎంచుకున్న సమయం మంచిదే.

హైదరాబాద్ బండి:
చాలా థాంక్సండి. ఇంకో రెండు ప్రశ్నలు. పూతరేకులు హైదరాబాద్ దాకా పాడవకుండా ఎలా తేవాలి? పులస ఎక్కడ తినాలి?

పిండివంట:
పులస డిసెంబరులో లేదండి. వరద నీటికి ఎదురీది సముద్రం నుంచి గోదావరిలోకి వచ్చే చేప అది, జూలై నుంచి సెప్టెంబరు దాకానే. ఇప్పుడెవరైనా పులసని వడ్డిస్తే అది ఐసులో దాచినదో, వేరే చోట నుంచి వచ్చిన ఇలసో అయ్యుంటుంది. ఆ డబ్బు పెట్టి చెరువు రొయ్యలో కొరమీనో తినండి.

పూతరేకులకి శత్రువు తేమ. రేకు అంటే బియ్యప్పిండి నీళ్లలో ముంచిన గుడ్డని బోర్లించిన వేడి కుండ మీద ఒక్కసారి లాగితే వచ్చే పొర. గాలి తగిలితే మెత్తబడి అతుక్కుపోతుంది, మరీ ఎండితే పొడవుతుంది. మూడు రోజులూ కారు డిక్కీలో పెట్టుకు తిరగకండి, ఎండకి నెయ్యి కరిగి కారిపోతుంది. మొదటి రోజు ఆత్రేయపురంలో రుచి చూడ్డానికి కొద్దిగా కొనుక్కోండి, ఇంటికి తీసుకెళ్లేవి తిరుగు ప్రయాణం రోజున కొనండి. పంచదారవి బెల్లంవాటి కన్నా ఎక్కువ రోజులు నిలుస్తాయి.

అసలు ఉత్తి రేకులు విడిగా కొనుక్కెళ్లడం ఇంకా మంచిది. ఇంటి దగ్గర తడిపి గట్టిగా పిండేసిన గుడ్డ మీద రేకుని క్షణం సేపు పరిస్తే మడతకి లొంగుతుంది. కరిగిన నెయ్యి రాసి, పైన ఇంకో రేకు వేసి, బెల్లం పొడీ యాలకుల పొడీ చల్లి చుట్టేయడమే. నీళ్లు చిలకరించకండి, చుక్క పడ్డచోట చిల్లు పడుతుంది.

పాలకొల్లులో దిబ్బరొట్టె అడగండి. మినప్పిండిలో బియ్యం రవ్వ కలిపి మందంగా కాల్చేది, అడుగు ఎర్రగా కరకరలాడాలి. చెరుకు పానకంతో తింటేనే దాని రుచి.

కాలువగట్టు:
మూడో రోజు సగం పూట మిగిలితే యానాం వెళ్లి రండి, అమలాపురం నుంచి ముమ్మిడివరం, ఎదుర్లంక వంతెన మీదుగా దారి. 1954 దాకా ఫ్రెంచివాళ్ల చేతిలో ఉన్న ఊరు. నది ఒడ్డున రాజీవ్ బీచ్ రోడ్డు నడవడానికి బాగుంటుంది. మడ అడవులు చూడాలని కోరంగి దాకా వెళ్లేటట్టయితే పోటు టైము ముందే అడగండి, పాటులో కాలువల్లో నీళ్లు చాలక పడవలు నడవవు. యానాం పుదుచ్చేరి కిందకి వస్తుంది కాబట్టి పెట్రోలు ఆంధ్రా కన్నా తక్కువ, తిరుగు ప్రయాణానికి ట్యాంకు అక్కడే నింపుకోండి. మద్యం సీసాలు మాత్రం కారులో వేసుకుని సరిహద్దు దాటకండి, అది కేసవుతుంది.