ఇల్లు అద్దెకిస్తే వేరే ఇన్సూరెన్స్ కావాలా, డిపాజిట్ చాలదా?

గేటుతాళం:
ఇన్నాళ్లూ మేమే ఉన్న ఇల్లు అద్దెకిచ్చి వేరే ఊరు వెళ్తున్నాం. ఇంటి మీద మామూలు హోమ్ పాలసీ ఉంది, గడువు కూడా ఇంకా ఉంది. ఏజెంటేమో ల్యాండ్‌లార్డ్ పాలసీకి, అంటే ఇల్లు అద్దెకిచ్చే ఓనర్ల కోసం ఉండే పాలసీకి మారమంటున్నాడు. "వాడి కమిషన్ కోసం చెప్తాడు, డిపాజిట్ చేతిలో ఉంటే చాలదా" అంటున్నారు మా బావగారు. ఎవరి మాట వినాలో తేలడం లేదు. మీరు వాదించుకోండి, నేను చదువుకుంటాను.

లెక్కలమాస్టారు:
బావగారికే నా ఓటు. అద్దె ఇంట్లో మామూలుగా జరిగే నష్టాలేమిటి? గోడల మీద మరకలు, ఊడిన కుళాయి, పగిలిన టైలు. మరకల్లాంటివి అరుగుదల కిందకి వస్తాయంటారు, పాలసీ ఇవ్వదు. మిగతావి ఎక్సెస్ దాటవు. అంటే ముందు మన జేబులోంచి పెట్టుకోవలసిన మొత్తంలోనే తీరిపోతాయి. ఇక మిగిలింది అద్దె ఎగ్గొట్టడం, దానికి చాలాచోట్ల విడిగా కవర్ కొనాలి. ఇన్ని మినహాయింపులు పోగా మీకు దక్కేదేమిటో ఆ ఏజెంటునే అడగండి. మంచి మనిషికి ఇల్లివ్వడం కంటే గట్టి ఇన్సూరెన్స్ లేదు.

పాతసర్వేయర్:
మాస్టారూ, మీరు చెప్పినవన్నీ డిపాజిట్‌తో తీరే నష్టాలే. వాటికోసం ఎవరూ పాలసీ కొనక్కర్లేదు. క్లెయిమ్‌లు చూసే పనిలో చాలాకాలం ఉన్నాను కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

గేటుతాళం గారూ, ముందు ఏ పాలసీ కొనాలన్నది పక్కన పెట్టండి. మీరు ఇల్లు ఖాళీ చేసి అద్దెకిస్తున్నట్టు ఇప్పుడున్న కంపెనీకి తెలుసా? మామూలు హోమ్ పాలసీ ప్రీమియం లెక్క కట్టేది యజమానే ఆ ఇంట్లో ఉంటాడన్న లెక్కన. ఉండేవాళ్లు మారితే రిస్కు మారినట్టే. చెప్పకుండా ఊరుకుంటే రేపు షార్ట్‌సర్క్యూట్‌తో ఇల్లు కాలినా, మంటకీ అద్దెదారుకీ ఏ సంబంధం లేకపోయినా, ఈ ఒక్క కారణం చూపించి క్లెయిమ్ తిప్పికొట్టే అవకాశం ఉంది. అంటే మీకు రెండు పాలసీలు ఉండవు, ఒకటీ ఉండదు. ఇంటి మీద లోన్ ఉంటే బ్యాంకుకీ రాతపూర్వకంగా తెలియజేయండి.

రెండోది సమ్ ఇన్సూర్డ్, అంటే ఎంత మొత్తానికి ఇన్సూర్ చేస్తున్నామన్నది. ఇల్లు ఎంతకి అమ్ముడుపోతుందో అంతకి చేయకండి, స్థలం కాలిపోదు కదా. మళ్లీ కట్టాలంటే ఎంతవుతుందో అంతకి చేయాలి. శిథిలాలు తీసే ఖర్చు కలపడం చాలామంది మర్చిపోతారు. ప్రీమియం తగ్గుతుందని తక్కువకి చేస్తే దెబ్బ ఎక్కడ తగులుతుందో చూడండి. మళ్లీ కట్టడానికి 100 అయ్యే ఇంటికి 60కే చేశారనుకోండి, 20 మేరకు నష్టం జరిగింది. పాలసీలో యావరేజ్ క్లాజు, అంటే ఎంత తక్కువకి చేస్తే ఆ నిష్పత్తిలోనే నష్టం ఇస్తామనే షరతు ఉంటే, చేతికొచ్చేది 12. ఇల్లు పూర్తిగా పోలేదు కాబట్టి 20 మొత్తం వస్తుందని ఆశపడి వచ్చేవాళ్లని ఎంతమందినో చూశాను.

మూడోది మీ ఇంట్లో దెబ్బ తగిలిన పరాయి మనిషి. మెట్ల రెయిలింగ్ వదులైందని అద్దెదారు చెప్పాడు, మీరు పట్టించుకోలేదు, వాళ్లింటికొచ్చిన చుట్టం పడ్డాడు. ఆ పరిహారం ఎంత తేలుతుందో ఎవరూ ముందే చెప్పలేరు. ఇలాంటి పరిహారం కట్టే లయబిలిటీ కవర్ లేని ల్యాండ్‌లార్డ్ పాలసీ కొనడం దండగ.

అద్దెపక్షి:
అద్దెకుండేవాళ్ల తరఫున ఒక్క మాట. ఓనరు పాలసీలో నా సామానుకి పైసా రాదు, నాది నేనే చేయించుకోవాలి. సరే. కానీ నా పొరపాటున వంటింట్లో మంటలేచి ఇల్లు కాలితే, కంపెనీ ఓనరుకి డబ్బిచ్చి, ఆ మొత్తం కోసం నా మీద కేసు వేస్తుందట కదా? ఆ ప్రీమియం నా అద్దెలోంచి కడుతున్నదే కదండీ!

నల్లకోటు:
వేయవచ్చు, అయితే అన్నిచోట్లా చెల్లదు. అమెరికాలో ఓక్లహామా అప్పీల్ కోర్టు 1975లో సటన్ వర్సెస్ జోన్‌డాల్ కేసులో సరిగ్గా మీ వాదనే ఒప్పుకుంది. అద్దెదారు పదేళ్ల కొడుకు కెమిస్ట్రీ సెట్‌తో ప్రయోగం చేస్తుంటే ఇంటికి నిప్పంటుకుంది. ప్రీమియంలో అద్దెదారు వాటా ఉన్నట్టే కాబట్టి అతణ్ణీ పాలసీలో భాగస్తుడిగానే చూడాలి, అతని మీద కంపెనీ వసూలుకు రాకూడదు అన్నారు. అన్ని రాష్ట్రాలూ ఆ దారి పట్టలేదు, కొన్ని అగ్రిమెంట్‌లో ఏముందో చూసి తేలుస్తాయి. ఇంగ్లండ్‌లో 1985 నాటి రోలండ్స్ వర్సెస్ బెర్నీ ఇన్స్ కేసులో ఇన్సూరెన్స్ ఖర్చు అద్దెదారే భరించేలా లీజు ఉంది, అక్కడా కంపెనీ ఓడింది. కాబట్టి ఓనర్ పాలసీ ఎవరి మేలు కోసమో అగ్రిమెంట్‌లో ఒక వాక్యం రాయించుకోండి.

సర్వేయర్ గారు చెప్పిన "దాచకూడదు" సూత్రం కూడా పాతదే. 1766లో కార్టర్ వర్సెస్ బోమ్ కేసులో లార్డ్ మాన్స్‌ఫీల్డ్ స్థిరపరిచింది.

లెక్కలమాస్టారు:
ఆ 1766 కేసులో గెలిచింది పాలసీ తీసుకున్న కోట గవర్నరు కార్టరే, ఇన్సూర్ చేసిన బోమ్ కాదు. అదీ చెప్పండి మరి! ఇన్సూర్ చేసేవాళ్లు తమకి తెలిసి ఉండాల్సింది మనం చెప్పలేదని తప్పించుకోకూడదు అన్నారు.

మంట, లయబిలిటీ వరకు సర్వేయర్ గారితో పేచీ లేదు, అవి మన జేబులకి మించినవి. కానీ అద్దె కవర్ అంటగడతారే, అక్కడ నేను దిగను. పాలసీలో "అద్దె నష్టం" అని కనిపించగానే అద్దెదారు ఎగ్గొడితే వస్తుందనుకుని సంతకం పెట్టేస్తారు జనం.

పాతసర్వేయర్:
అందులో మీరు కరెక్టు. సాధారణంగా ఆ అద్దె నష్టం వచ్చేది పాలసీలో ఉన్న ప్రమాదం వల్ల ఇల్లు ఉండటానికి పనికిరాకుండా పోయినప్పుడే, బాగుచేసే కాలానికి. అందులోనూ ఎన్ని నెలలవరకో చూసుకోవాలి, ఇల్లు మళ్లీ కట్టడానికి 12 నెలలు చాలకపోవచ్చు. ఎగవేత కవర్ వేరు. అద్దెదారు ఆదాయం, పాత ఓనరు దగ్గర వాకబు, సంతకాలైన అగ్రిమెంట్ ఇవన్నీ ముందే ఉండాలంటారు. పైగా అంత వాకబు చేసి ఎంచుకున్న మనిషి ఎగ్గొట్టే అవకాశం ఎటూ తక్కువే. ఒక్క ఇల్లున్నవాళ్లు, ఆ అద్దెతోనే లోన్ వాయిదా కట్టేవాళ్లు తీసుకుంటే అర్థముంది. మిగతావాళ్లకి నేనూ చెప్పను.

మూడోఅంతస్తు:
మాది అపార్ట్‌మెంట్. బిల్డింగ్‌కి అసోసియేషన్ పాలసీ ఉంది. మళ్లీ నేనూ చేయించాలా?

పాతసర్వేయర్:
ఆ పాలసీ కాపీ అడిగి తీసుకోండి. గోడల దాకానే ఉంటే లోపలి అల్మరాలు, ఫ్లోరింగ్, మీరు వదిలేసిన ఫ్రిజ్, లయబిలిటీ మీవే.

గేటుతాళం:
అందరికీ థాంక్సండీ. ఈ రోజే కంపెనీకి మెయిల్ పెడుతున్నాను. ఒక్క అనుమానం. మేం వెళ్లాక అద్దెదారు దొరికేదాకా ఇల్లు తాళం వేసి ఉంటుంది. ఫర్వాలేదా?

పాతసర్వేయర్:
అదీ ఆ మెయిల్‌లోనే రాయండి. 30 రోజులో 60 రోజులో దాటి ఖాళీగా ఉంటే దొంగతనం, నీళ్ల లీకు, కావాలని చేసిన ధ్వంసం లాంటివి ఆగిపోయే పాలసీలు ఎక్కువ. నీళ్ల మెయిన్ వాల్వ్ కట్టేసి వెళ్లండి. అద్దెదారు దిగేముందు గదిగదికీ తేదీతో ఫోటోలు తీసి, లిస్టు మీద అతని సంతకం పెట్టించండి. పాలసీ ఉన్నా లేకపోయినా అవి పనికొస్తాయి.

లెక్కలమాస్టారు:
బావగారికి నా మాటగా చెప్పండి, డిపాజిట్ మాత్రం తగ్గించొద్దని.