శ్వాస గమనిస్తే సిగరెట్ కోరిక ఇంకా పెరుగుతోంది, ఏం చేయాలి?

ప్రశ్న:
ఈమధ్యే సిగరెట్ మానేశాను. భోజనం అయ్యాక, ఆఫీసు ఫోన్ పెట్టేశాక నాలుక పీకేస్తోంది. కళ్లు మూసుకుని శ్వాస గమనించమన్నారు. అలా కూర్చుంటే ధ్యాసంతా సిగరెట్ మీదికే పోతోంది. ఇది నాకు పనికిరాదా?

జవాబు 1:
శ్వాసను కాసేపు పక్కన పెట్టి, ఆ కోరికనే చూడండి. నాకది ముందు గొంతు దగ్గర బిగువుగా మొదలయ్యేది. తర్వాత దవడ పట్టేసేది, చెయ్యి దానంతటదే జేబు దగ్గరికి పోయేది. ‘గొంతు బిగుస్తోంది’, ‘చెయ్యి కదిలింది’ అని లోపలే అనుకునేవాణ్ణి, అంతే. పోగొట్టాలని చూస్తే టెన్షన్ పెరుగుతుంది. వదిలేస్తే కొన్ని నిమిషాల్లో అదే పెరిగి అదే తగ్గుతుంది. అలన్ మార్లట్ అనే అమెరికన్ సైకాలజిస్టు దీన్ని అల మీద తేలడంతో పోల్చాడు. ఆయన, సారా బోవెన్ అనే పరిశోధకురాలు కలిసి 2009లో ప్రచురించిన పరిశోధనలో ఈ పద్ధతి నేర్చుకున్న కాలేజీ విద్యార్థులకు కోరికలు మిగతావాళ్ల కన్నా తగ్గలేదు. కానీ తర్వాతి వారం రోజుల్లో తాగిన సిగరెట్లు తగ్గాయి. నాకు ధైర్యం ఇచ్చింది ఆ విషయమే. కోరిక వస్తోందంటే మీరు ఓడిపోతున్నట్టు కాదండీ.

జవాబు 2:
ఇంకా మానని వాళ్లు ఎవరైనా చదువుతుంటే: ఫోన్ పక్కన పెట్టి, మాటల్లేకుండా ఒక సిగరెట్ తాగి చూడండి. పొగ గొంతులో దిగేటప్పుడు మంట, నాలుక మీద చేదు, వేళ్ల వాసన, అన్నీ గమనించండి. నేను ‘రుచి’ అనుకున్నది సగానికి పైగా అలవాటేనని అలాగే తెలిసింది.

జవాబు 3:
గమనించడం మంచిదే, కానీ దాని మీదే భారం వేయకండి. వైద్య పరిశోధనలన్నీ కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2022 సమీక్షలో మైండ్‌ఫుల్‌నెస్ (ఇలా గమనించే పద్ధతి) మిగతా పద్ధతుల కన్నా మెరుగని స్పష్టంగా తేలలేదు. చిరాకు, నిద్ర పట్టకపోవడం నికోటిన్ తగ్గినందువల్ల వచ్చేవి. మొదటి వారంలోనే ఎక్కువ. డాక్టర్ని అడిగి నికోటిన్ గమ్ కూడా వాడండి. కారంగా తగిలేదాకా నెమ్మదిగా నమిలి, బుగ్గకీ చిగురుకీ మధ్య పెట్టుకోవాలి. మామూలు చూయింగ్ గమ్‌లా గబగబా నమిలితే ఎక్కిళ్లు, కడుపులో మంట వస్తాయి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండీ. పక్కన ఎవరైనా తాగుతుంటే అప్పుడూ అక్కడే ఉండి గమనించాలా?

జవాబు 1:
వద్దండీ. ఈ మొదటి వారాల్లో లేచి బయటికి వచ్చేయండి. ఒంటరిగా ఉన్నప్పుడు వచ్చే కోరికను చూడటం అలవాటయ్యాక ఆ సంగతి చూద్దాం.