అమ్మకు ఎటర్నిటీ రింగ్: రౌండా, ప్రిన్సెసా?

వచ్చే నెలకి అమ్మానాన్నల పెళ్లై 30 ఏళ్లు. అమ్మకి చుట్టూ రవ్వలున్న ఉంగరం చేయిద్దామనుకుంటున్నాను. చదరంగా ఉండే ప్రిన్సెస్ కట్ నాకు తెగ నచ్చింది. కానీ అమ్మ ఉంగరం తీయకుండానే చపాతీ పిండి కలుపుతుంది. ఎండాకాలం వేళ్లు ఉబ్బుతాయి కూడా. ఏం చేయమంటారు?

జవాబు 1:
నేను రాళ్లు పొదిగే పనిలో ఉన్నాను తమ్ముడూ. చుట్టూ రాళ్లుంటే తర్వాత సైజు మార్చడం చాలా కష్టం, కోసి అతకడానికి ఖాళీ బంగారం ఉండదు. పైసగం మాత్రమే రాళ్లుండే హాఫ్ ఎటర్నిటీ చేయించండి. ప్రిన్సెస్‌కి నాలుగు మూలలూ సన్నగా ఉంటాయి, గట్టు తగిలితే పెచ్చు లేస్తుంది. గుండ్రంగా చెక్కే రౌండ్ బ్రిలియంట్‌కి ఆ భయం లేదు. దానికి 57 లేదా 58 చెక్కిన ముఖాలుంటాయి, చిన్న రవ్వ కూడా బాగా మెరుస్తుంది. కొనేముందు ఉంగరాన్ని షాపు లైట్ల కింద కాకుండా గుమ్మం దగ్గర పగటి వెలుగులో తిప్పి చూడండి.

జవాబు 2:
నా ఉంగరంలో రాళ్లని పట్టి ఉంచే కొక్కేల మధ్య పిండి ఇరుక్కుని రాళ్లు మసకబారాయి. గోరువెచ్చని సబ్బునీళ్లలో నానబెట్టి, మెత్తటి బ్రష్‌తో రుద్దితే మళ్లీ వెలిగాయి. అంచుల మధ్య రాళ్లు కూర్చే చానెల్ సెట్టింగ్ అయితే బట్టలకి పట్టుకోదు.

అడిగినవారు:
థాంక్స్ అన్నా, అక్కా. రౌండ్, హాఫ్, చానెల్. అమ్మ పాత ఉంగరం కొలతకి తీసుకెళ్తున్నాను.