స్విఫ్ట్ 30 మి.మీ. దించాలంటే స్ప్రింగులొక్కటే మారిస్తే చాలా?

ప్రశ్న (విజయనగరం): అన్నలూ, 2019 పెట్రోల్ స్విఫ్ట్, అరవై వేల కిలోమీటర్లు తిరిగింది. బండి ఎత్తు 30 మి.మీ. దించాలనుంది. సాలూరు వైపు తరచూ నలుగురితో వెళ్తాం. ఉన్న స్ప్రింగులనే ఒక చుట్టు కోస్తే సరిపోతుందని షెడ్డులో అంటున్నారు. పాత షాకులు (షాక్ అబ్జార్బర్లు) ఉంచొచ్చా?

జవాబు 1: కోయించకు తమ్ముడూ. స్ట్రట్ (ముందు చక్రం దగ్గర షాకు, స్ప్రింగు కలిసి ఉండే భాగం) స్ప్రింగు చివర, అది కూర్చునే సీటు గాడిలో సరిగ్గా ఆనాలి. కోస్తే ఆనదు. గోతిలో చక్రం వేలాడగానే స్ప్రింగు వదులై పక్కకి జరుగుతుంది, చప్పుడు మొదలవుతుంది. లోయరింగ్ స్ప్రింగులే కొను.

షాకులూ మార్చాల్సిందే. బండి దిగినంత మేర రాడ్డు లోపలికి పోయి బంప్ స్టాపర్‌కి (షాకు పూర్తిగా లోపలికి పోకుండా ఆపే రబ్బరు లాంటి దిమ్మకి) దగ్గరవుతుంది; నలుగురెక్కితే వెనక స్టాపర్ మీదే నడుస్తుంది. పైగా స్ప్రింగు 25 శాతం గట్టిదైతే, అది తిరిగి లేచే ఊపుని పట్టడానికి షాకు బలం సుమారు 12 శాతం పెరగాలి. పాత షాకు ఆ పని చెయ్యలేదు, బండి ఊగుతూనే ఉంటుంది. దించిన బండ్లకని పొట్టి స్ట్రోకుతో (రాడ్డు కదిలే దూరం తక్కువగా) చేసినవే అడుగు: బిల్‌స్టీన్ కంపెనీ షాకుల్లో బీ6 మామూలు ఎత్తుకి, బీ8 దించినదానికి.

జవాబు 2 (శ్రీకాకుళం): ముందు స్ట్రట్లు విప్పినప్పుడే టాప్ మౌంట్లు (స్ట్రట్‌ని పైన బాడీకి పట్టి ఉంచేవి), బేరింగులు, స్టాపర్లు కొత్తవి వేయించు, మళ్లీ లేబర్ పడదు. స్ప్రింగు కంప్రెసర్ (స్ప్రింగుని నొక్కిపట్టే పనిముట్టు) లేని షెడ్డుకి ఇవ్వొద్దు. బుష్ (కీళ్ల దగ్గరుండే రబ్బరు) బోల్టులేవైనా వదులు చేస్తే చివరి బిగింపు చక్రాలు నేలమీద ఉన్నప్పుడే. గాల్లో బిగిస్తే రబ్బరు మెలిపడి చిరుగుతుంది. తర్వాత అలైన్‌మెంట్. టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) చూడకపోతే టైర్లు లోపలి అంచున అరిగిపోతాయి. హెడ్‌లైట్లూ సరిచేయించు.

జవాబు 3: గ్రౌండ్ క్లియరెన్స్ ఖాళీ బండికే 163 మి.మీ., అందులో 30 పోతే మన ఊళ్ల స్పీడ్ బ్రేకర్లకి కష్టం. 20 చాలు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 (బండిలో చేసే మార్పుల గురించి) కూడా ఒకసారి చదువు.