కార్పొరేటర్ భర్త స్లాబ్‌కు ఇంత అని అడుగుతుండు, ఎవరికి కంప్లైంట్ చేయాలె?

స్లాబ్_టెన్షన్:
అన్నలు అక్కలు, జర పెద్దగనే ఉంటది, ఓపికతోటి చదవుండ్రి. మాది వరంగల్ సైడే, ఏ టౌను ఏ డివిజన్ అనేది చెప్ప, ఎందుకో మీకే అర్థమైతది. 130 గజాల ప్లాట్ల జీ ప్లస్ వన్ కట్టుకుంటున్నం. ఇల్లు పర్మిషన్‌కు ఆన్‌లైన్‌ల పెట్టినం, ఫీజు కట్టినం, పర్మిషన్ కాగితం చేతుల ఉంది. పునాది తీసినప్పుడు ఎవ్వలు రాలే. సెంట్రింగ్ కొట్టుడు మొదలుపెట్టిన రోజు ఇద్దరు పోరగాళ్ళు బుల్లెట్ మీద దిగిర్రు. ఒకడు ఇసుక కుప్ప మీద కూసొని ఫోన్ల నాలుగు దిక్కుల ఫొటోలు కొట్టిండు, ఇంకొకడైతే టేపు తెచ్చుకున్నడు, మా మేస్త్రీ టేపు కన్న కొత్తది! ప్రహరీ నుంచి పిల్లర్ దాక పట్టి చూసి, "బాపూ, ఒకసారి అన్నను కలువుండ్రి" అని మా బాపుకు చెప్పి పోయిర్రు.

అన్న అంటే కార్పొరేటర్ కాదు. కార్పొరేటర్ మేడం, ఆమెను ఓట్లప్పుడు మెడల దండతోటి చూసిందే, మళ్ళ చూడలే. అన్న అంటే ఆమె భర్త. లెటర్ మీద సంతకం ఆమెది, ఫోన్ ఎత్తేది ఈయన. పోయి కలిస్తే చాయ్ తాగిపిచ్చి మంచిగనే మాట్లాడిండు. స్లాబ్‌కు 50 వేలు, రెండు స్లాబులకు లక్ష, లేకుంటే టౌన్ ప్లానింగ్ వాళ్ళు వస్తరు నేను ఆపలేను అన్నడు. బాపు భయపడి నాకు చెప్పకుంట మొన్న గురువారం 20 వేలు ఇచ్చి వచ్చిండు. మిగిలిన 30 స్లాబ్ రోజు ఇయ్యాల్నట, స్లాబ్ ఈ గురువారమే.

ఎంపీలకు ఎథిక్స్ కమిటీ ఉంది, 2023ల ఆ కమిటీ రిపోర్ట్ మీదనే ఒక ఎంపీని లోక్‌సభ నుంచి తీసేసిర్రు కద, కార్పొరేటర్లకు అసొంటిది ఏమన్న ఉంటదా? ఇంకొకటి, మీ దగ్గర దాచుడెందుకు, మేస్త్రీ బాల్కనీ సెంట్రింగ్ ప్లాన్ కన్న అడుగున్నర ముందటికి కొట్టిండు. బాపు భయం అదే.

ఓరుగల్లు_వకీల్:
తమ్మీ, అసొంటి కమిటీ మన కార్పొరేటర్లకు లేదు. 2019 మున్సిపల్ చట్టం చూస్తే, నాటిన మొక్కల్ల 85 శాతం బతకకపోతే వార్డు మెంబర్ పదవికే ఎసరొచ్చే రూల్ ఉంది. జనంతోటి ఎట్ల మెదలాలె, ఎవరింటికి మనుషులను పంపొద్దు అనేదానికి మాత్రం మనం పోయి తలుపు కొట్టే ఆఫీసు ఒక్కటి లేదు. మొక్క ఎండితే అడుగుతరు, మీ బాపును ఎండల నిలవెడితే అడిగేటోడు లేడు.

కాని నీది నడవడిక కంప్లైంట్ కానే కాదు, లంచం కేసు, దీనికి తొవ్వ ఉంది. 1988 అవినీతి నిరోధక చట్టం కింద కార్పొరేటర్ కూడ పబ్లిక్ సర్వెంటే. భర్తకు పదవి లేదు కద అని వాదిస్తరు, దానికోసమే 7ఏ సెక్షన్ ఉంది. నా పలుకుబడితోటి ఆఫీసర్లను మేనేజ్ చేస్త అని పైసలు తీసుకున్నోడు ఎవడైనా సరే దాని కిందికి వస్తడు, 3 నుంచి 7 ఏండ్ల శిక్ష.

ఇగ అసలు ముచ్చట, దీన్ని రెండుసార్లు చదువు. 2018 సవరణ నుంచి లంచం ఇచ్చుడు కూడ నేరమే. బలవంతం మీద ఇచ్చినోనికి మినహాయింపు ఉంది, కాని ఇచ్చిన రోజు నుంచి 7 రోజుల్ల పోలీసులకో ఏసీబీకో చెప్పాలె. నువ్వు ఆ పోరగాళ్ళ గురించి భయపడుతున్నవ్, నేను మీ బాపు గురించి భయపడుతున్న. ఏసీబీ నంబర్ 1064కు ఫోన్ చెయ్, టోల్ ఫ్రీ.

కాకా_కాజీపేట:
వకీల్ సాబ్ చెప్పినవన్నీ కరెక్టే కావచ్చు గని నేను చూసింది చెప్త. మా గల్లీల మోరీ మీద ఒక లీడర్ మనుషులు షెడ్డు ఏస్తే ఒక ఆఫీసుల సోమవారం ప్రజావాణిల దరఖాస్తు ఇచ్చిన, లైన్ల రెండు గంటలు నిలవడ్డ, రసీదు గూడ ఇచ్చిర్రు. పొద్దుగూకేసరికి నా దరఖాస్తు ఫొటో ఆ లీడర్ వాట్సాప్‌ల ఉన్నది, నా సంతకం నా ఫోన్ నంబర్‌తోటి సహా. వాడే ఫోన్ చేసి "కాకా, నాకు చెప్తే అయిపోవు గద" అన్నడు. మోరీ నిండింది రోడ్డు పోయింది అంటే ప్రజావాణికి పో, మనిషి మీద కంప్లైంట్ అయితే అక్కడ ఇయ్యకు, కాగితం తిరిగి తిరిగి వాని దగ్గరికే పోతది.

మిస్సిసాగా_పొరడు:
నాది నయీంనగర్, ఇప్పుడు కెనడాల ఉంటున్న. ఇక్కడ ఒంటారియోల 2019 మార్చి నుంచి ప్రతి మున్సిపాలిటీకి కౌన్సిలర్ల నడవడిక మీద కోడ్ ఉండాలె, ఇంటెగ్రిటీ కమిషనర్ అని ఒకరు ఉండాలె, ఎవలైనా పోయి ఆయనకు కంప్లైంట్ రాయొచ్చు, ఆయన విచారణ చేసి కౌన్సిల్‌కు రిపోర్ట్ ఇస్తడు. వినడానికి మస్తుగుంటది. కాని ఎక్కువల ఎక్కువ శిక్ష ఏందంటే తప్పు అని తీర్మానం, లేకుంటే 90 రోజుల జీతం కట్. 2020 నాటికైతే పదవి తీసే పవర్ లేకుండె. 2020ల ఒట్టావాల ఒక కౌన్సిలర్, తన ఆఫీసుల జాబ్ కోసం వచ్చిన ఆడోళ్ళతోటి తప్పుగ మాట్లాడిండని కమిషనర్ తేల్చిండు, ఒక్కో కంప్లైంట్‌కు 90 రోజుల చొప్పున జీతం ఆపిర్రు, ఆయన మాత్రం 2022 దాక కుర్చీలనే ఉన్నడు. అందుకే కమిటీ ఉంటే అంత అయిపోతదనుకోకుర్రి, అయినా రాసుకునే జాగ ఒకటి ఉంటే మంచిదే అని నా ఫీలింగ్.

కాకా_కాజీపేట:
మనోళ్ళ గౌరవ వేతనం ఆపుతమంటే నవ్వి వాళ్ళే మనకు చాయ్ తాగిపిస్తరు బిడ్డా.

సర్కారు_నౌకరి:
పేరు చెప్పను, నేను ఒకసారి ఏసీబీ ట్రాప్‌కు, అంటే లంచం తీసుకుంటుండంగనే పట్టుకునే దానికి, మధ్యవర్తి సాక్షిగ పోయిన, వాళ్ళు వేరే డిపార్ట్‌మెంట్ ఉద్యోగులను పిలుస్తరు. ఎట్లుంటదో చెప్తే నీ భయం సగం పోతది. ముందు నువ్వు రాతపూర్వకంగ కంప్లైంట్ ఇయ్యాలె. వాళ్ళు ఆ మాట నిజమా కాదా అని చూసుకుంటరు, అందుకే కాల్ రికార్డింగ్ ఉంటే డిలీట్ చేయకు. నోట్లు మనమే తేవాలె. ఆ రోజు ఆయన పాపం 500 నోట్లు తెచ్చిండు, ఒక్కొక్క నంబర్ నేనే చదివిన, పక్కాయన రాసుకున్నడు, చదువుతుంటే నా గొంతే వణికింది. తర్వాత వాటికి తెల్ల పౌడర్ రాసిర్రు, కంటికి కనవడనే కనవడది. తీసుకున్నోడి చేతులు సోడా నీళ్ళల్ల ముంచితే నీళ్ళు గులాబీ రంగు అయినయ్. ఆ రంగు నేను ఇప్పటికి మర్చిపోలే. ట్రాప్ పైసలు కంప్లైంట్ ఇచ్చినోనికి తర్వాత వాపస్ ఇస్తరు. ఒకటే మాట, స్లాబ్ రోజు 30 వేలు ఇయ్యాలె అన్నడు కద, ఆ 30 వేలు ఏసీబీకి చెప్పకుంట అస్సలు ఇయ్యకు.

సెంట్రింగ్_సైదులు:
అందరు చట్టం చెప్పిర్రు నేను పని చెప్త. బాల్కనీ అడుగున్నర బయటికి వచ్చిందన్నవ్, ఇంక కాంక్రీట్ పోయలే కద? సెంట్రింగే కద? ఇద్దరు మనుషులు పూట పని, వెనుకకు జరిపిచ్చు, సలాకలు కట్టి ఉంటే కోసి మళ్ళ వంచాలె అంతే. నీది 75 గజాల పైన 600 లోపు కాబట్టి సెల్ఫ్ సర్టిఫికేషన్ మీద వెంటనే పర్మిషన్ ఇచ్చిర్రు, అంటే ప్లాన్ ప్రకారమే కడుత అని నువ్వే రాసిచ్చినవ్. తేడా ఉంటే నోటీస్ గూడ లేకుంట కూలగొట్టే పవర్ వాళ్ళకు ఉంది. ఆ టేపు పట్టుకున్న పోరడు కొలిచింది గిదే. అడుగున్నర బాల్కనీ కోసం లక్ష ఇస్తవా? ముందు అది సక్కగ చేసుకో, తర్వాత ఎవలొచ్చినా పర్మిషన్ కాగితం చూపిచ్చి నిలవడు.

ఓరుగల్లు_వకీల్:
సైదులు అన్నది నూటికి నూరు. జరిపిచ్చినంక టేపు పెట్టి ఫొటోలు తీసుకో, తారీఖు పడేటట్టు. నోటీస్ వచ్చింది అని ఎవలన్న నోటితోటి చెప్తే నమ్మకు, 10 రూపాయలు కట్టి ఆర్టీఐ పెట్టు, నీ ప్లాట్ మీద ఏమేం కంప్లైంట్లు ఏమేం నోటీసులు ఉన్నయో కాపీలు అడుగు, 30 రోజుల్ల చెప్పాలె.

స్లాబ్_టెన్షన్:
అందరికి దండాలు. మేస్త్రీ మూతి ముడుచుకున్నడు గని ఇయ్యాల పొద్దున సెంట్రింగ్ వెనుకకు జరిపిండు, సలాకలు రెండే కోసుడు పడ్డది. బాపును ఒప్పిచ్చుడే కష్టమైంది, ఇరుగుపొరుగుల మాట పడతం అంటడు, కార్పొరేటర్ మేడం అత్తగారు మా అమ్మ చిన్ననాటి దోస్తు అట. చివరికి వస్త అన్నడు. ఇయ్యాల మంగళవారం, రేపు సిమెంట్ దిగుతది, గురువారం స్లాబ్, 30 గురించి అడిగితే రెండు రోజులు ఆగమంట, శుక్రవారం పొద్దున్నే తీరిగ్గ పోయి కంప్లైంట్ ఇస్తం.

ఓరుగల్లు_వకీల్:
తమ్మీ, బాపు 20 వేలు ఇచ్చింది గురువారం. శుక్రవారం అంటే ఎనిమిదో రోజు. సిమెంట్ అమ్మ దింపిచ్చుకుంటది, మీరిద్దరు రేపే పోండ్రి.