మెరీనాలో పూడిక: ఏటా తవ్వడమా, ముఖద్వారం మార్చడమా?

చుక్కాని:
ఆటు వచ్చిందంటే మా మెరీనాలో (షికారు బోట్లు నిలిపే రేవులో) బోట్లు బురదలో కూర్చుంటున్నాయి. నిర్వాహకులేమో ఏటా డ్రెడ్జింగ్ (అడుగున చేరిన పూడిక తవ్వి తీయడం) అంటున్నారు. ముఖద్వారం ఇరుకు చేస్తే ఆ ఖర్చు చాలావరకు తప్పుతుందని నా వాదన. కాదంటారా?

లంగరు:
కాదనే అంటాను. ద్వారం ఎంత ఇరుకైనా పోటుకు రావాల్సిన నీళ్లు వచ్చే తీరతాయి. ఉదాహరణకు బోట్లు నిలిచే 2 హెక్టార్ల బేసిన్‌లో నీటిమట్టం 3 మీటర్లు లేస్తే, ఒక్కో పోటుకు 60,000 ఘనమీటర్ల నీళ్లు. లీటరుకు 100 మిల్లీగ్రాముల ఒండ్రు ఉందనుకోండి, 6 టన్నులు. రోజుకు రెండు పోట్లు. అందులో సగమే అడుగుకు దిగినా ఏడాదికి రెండు వేల టన్నులు దాటుతుంది. గోడ కట్టి ద్వారం ఇరుకు చేస్తే ఇది ఆగుతుందా?

చుక్కాని:
పోటు ఒక్కటే లెక్కేశారు. బయటి ప్రవాహం ద్వారాన్ని ఒరుసుకుంటూ పోతుంటే అక్కడ సుడి పుడుతుంది. పోటు లేనప్పుడు కూడా అది బురదనీటిని లోపలికి తోస్తూనే ఉంటుంది. జర్మనీలోని హాంబుర్గ్‌లో కోల్‌ఫ్లీట్ రేవు మొగలో 1990 ప్రాంతంలో ప్రవాహాన్ని మళ్లించే గోడ కట్టింది అందుకే. పూడిక తగ్గింది కూడా.

లంగరు:
అది ఎల్బే నది పక్కన ఉన్న రేవు! ఒడ్డు వెంట ప్రవాహమే లేనిచోట ఆ గోడ దేన్ని మళ్లిస్తుంది?

తెరచాప:
ఇంత వాదించారు, అడుగున ఉన్నది ఇసుకా బురదా అని ఇద్దరూ చెప్పలేదు. ఇసుకైతే అలల వెంట తీరం పొడవునా నడిచొచ్చి మొగలోనే మేట వేస్తుంది. కాలిఫోర్నియాలోని శాంటాక్రూజ్ హార్బర్ 1964లో తెరిచారు. చలికాలం వస్తే మొగలో ఇసుక మేట, చివరికి సొంత డ్రెడ్జరే పెట్టుకున్నారు. అలాంటిచోట మొగ ఇరుకు చేస్తే మూసుకుపోవడం ఇంకా తేలిక.

చుక్కాని:
మాది బురదే. నల్లగా, జారుడుగా.

తెరచాప:
అయితే కథ వేరు. సన్నటి మట్టి రేణువులు ఉప్పునీటిలో ఒకదానికొకటి అంటుకుని, ముద్దలై త్వరగా దిగుతాయి. లోతు పెంచేకొద్దీ నీటి కదలిక తగ్గి ఇంకా దిగుతాయి, అంటే అతిగా తవ్వడమూ పూడికను పిలవడమే. బయట వాలు ఉంటే వాటర్ ఇంజెక్షన్ డ్రెడ్జింగ్ అడగండి: అడుగు బురదలోకి నీళ్లు ఎక్కిస్తే పలచబడి, తన బరువుతో తానే లోతు వైపు జారిపోతుంది. తోడక్కర్లేదు, మోయక్కర్లేదు.

లంగరు:
ఆగండి, పాత మెరీనాల బురదలో బోట్ల రంగుల రాగి, టీబీటీ (ఆ రంగుల్లో కలిపే ట్రైబ్యూటైల్ టిన్ అనే విష పదార్థం) ఉండొచ్చు. టీబీటీపై 2008 నుంచి అంతర్జాతీయ నిషేధం అమల్లో ఉన్నా కింది పొరల్లో అది మిగిలే ఉంటుంది. కదిపితే పైకొస్తుంది.

చుక్కాని:
మా బేసిన్ పాతదే. ముందు నాలుగైదు చోట్ల నమూనాలు తీయించమని అడుగుతాను. ఇరుకు ద్వారం మాట మాత్రం ఇంకా వదల్లేదు.